కాఠిన్యమే అర్థమైన ఆట: 'గ్రాండ్ ప్రి లెజెండ్స్' వీడియో గేమ్ - విమర్శకుల ఆదరణ

వ్యాస సంగ్రహం

'గ్రాండ్ ప్రి లెజెండ్స్' కంప్యూటర్‌లో ఆడే కార్ల పందేల ఆట. అమెరికాకు చెందిన పాపిరస్ సంస్థ రూపొందించగా, సియెర్రా సంస్థ 1998లో విడుదల చేసింది. సమీక్షకులు దీన్ని విశేషంగా ప్రశంసించారు. కొనుగోలుదారులు మాత్రం ఆశించినంతగా ఆదరించలేదు. దీని గురించిన చర్చలో 'వాస్తవికత' గుణంగానూ, 'కాఠిన్యం' లోపంగానూ కనిపిస్తాయి. ఈ ఆటలో అవి రెండూ ఒకటేనని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: వీడియో గేమ్, వాస్తవికత, పాకం, అధికారి, ఆదరణ, అనుకరణ.

1. ఉపోద్ఘాతం

వీడియో గేమ్‌ను కళారూపంగా పరిశీలించే ప్రయత్నాలు తెలుగు విమర్శలో అరుదు. కథ ఉన్న ఆటలనైతే కథన శాస్త్ర పరికరాలతో చదవవచ్చు. కథ, పాత్రలు, సంభాషణలు లేని పందెపు ఆటను ఎలా చదవాలి? దాని అర్థం ఎక్కడ ఉంటుంది? ఈ ప్రశ్నలకు 'గ్రాండ్ ప్రి లెజెండ్స్' మంచి ఉదాహరణ.

2. ఆట స్వరూపం

ఈ ఆటకు వస్తువు 1967 నాటి ఫార్ములా వన్ పోటీలు. ఆనాటి కార్లకు గాలి ఒత్తిడితో నేలకు అదిమిపెట్టే రెక్కలు లేవు. లోటస్ 49 వంటి కారు బరువు సుమారు 500 కిలోలు, ఇంజను శక్తి సుమారు 400 అశ్వశక్తి. టైర్లకు పట్టు తక్కువ. మలుపులో యాక్సిలరేటర్ మీద కాలు ఒక్కసారిగా తీస్తే బరువు ముందుకు మళ్ళి, వెనుక చక్రాలు పట్టు తప్పుతాయి. కారు గిర్రున తిరుగుతుంది. డేవ్ కేమర్ నాయకత్వంలో పాపిరస్ బృందం ఈ భౌతిక సూత్రాలను గణించి ఆటలో నిక్షిప్తం చేసింది. దాదాపు 22.8 కిలోమీటర్ల న్యూర్‌బర్గ్‌రింగ్, 14.1 కిలోమీటర్ల పాత స్పా ట్రాక్‌లను తెరపై పునర్నిర్మించింది.

3. ఆదరణలోని వైరుధ్యం

సమీక్షకులు ప్రధానంగా మెచ్చుకున్నది కారు కదలికలోని నిజాయితీని. కొత్తవారికి ఈ ఆట లొంగదన్న హెచ్చరిక కూడా ఆ మెప్పు వెంటే వచ్చింది. మొదటిసారి ఆడేవారు పందెం గెలవడం అటుంచి, ఒక్క చుట్టు క్షేమంగా పూర్తిచేయడమే గగనం. అమ్మకాలు తగ్గడానికి శక్తిమంతమైన కంప్యూటర్ అవసరం కావడం, అమెరికా ఆటగాళ్ళకు 1967 నాటి ఫార్ములా వన్‌తో అంతగా పరిచయం లేకపోవడం కూడా తోడ్పడ్డాయి. అయినా కాఠిన్యమే ముఖ్య కారణమన్న అభిప్రాయం స్థిరపడింది.

ఇక్కడ ఒక తర్కదోషం ఉంది. వాస్తవికతను మెచ్చుకొని కాఠిన్యాన్ని తప్పుపట్టడమంటే నిప్పు వెలుగును పొగిడి వేడిని నిందించడమే. చిత్రపటంలో కారు కంటికి కనిపిస్తుంది. ఈ ఆటలో కారు చేతికి ఎదురు తిరుగుతుంది. ఆ ఎదురు తిరగడమే 1967ను గురించి ఆట చెప్పే మాట. దాన్ని తొలగిస్తే మిగిలేవి పాతకాలపు కార్ల బొమ్మలే.

4. పాక విచారణ

మన ఆలంకారికులు కావ్య పాకాలను ద్రాక్ష, కదళి, నారికేళాలతో పోల్చి చెప్పారు. నారికేళ పాకానికి పెంకు పగలగొట్టే శ్రమ ఉంది. ఆ శ్రమకు అధికారియైన పాఠకుడూ కావాలి. ఈ ఆటను నారికేళ పాకమనడం సులువే గాని, పోలిక పూర్తిగా పొసగదు. కొబ్బరికాయలో పెంకు వేరు, లోపలి తీపి వేరు. వ్యాఖ్యాత పెంకు పగలగొట్టి ఇస్తే పాఠకుడు తీపిని ఆస్వాదించగలడు. ఆటతోపాటు ఇచ్చిన పుస్తకం కూడా వ్యాఖ్యానం వలె నడిపే మెలకువలు బోధిస్తుంది. కానీ ఆ పుస్తకం చదివినంత మాత్రాన మలుపు లొంగదు. చేతికి అభ్యాసం కావాలి. ఇక్కడ శ్రమ రసానికి ముందు మెట్టు కాదు. రసమే శ్రమలో ఉంది. కాబట్టి ఈ ఆటకు అధికారి ముందే సిద్ధంగా ఉండడు, ఆడుతూ తయారవుతాడు. విడుదలైన తొలి రోజుల సమీక్షలు, అమ్మకాల లెక్కలు ఈ అధికారిని పట్టుకోలేవు. తరువాతి సంవత్సరాల్లో అభిమానులు స్వయంగా కొత్త ట్రాక్‌లు నిర్మించి, 1965, 1969 నాటి కార్లను చేర్చి ఆటను బతికించుకోవడమే ఇందుకు సాక్ష్యం.

5. వాస్తవికతకు హద్దులు

అలాగని వాస్తవికత అన్న మాటను యథాతథంగా స్వీకరించలేం. 1967లో ఫ్రెంచ్ గ్రాండ్ ప్రి లె మాన్‌లో జరిగింది. ఆటలో దాని స్థానంలో రువాన్ ట్రాక్ ఉంది. హోండా, కూపర్ కార్లు మురసమ, కోవెంట్రీ అనే కల్పిత పేర్లతో కనిపిస్తాయి. అంటే వాస్తవికత నకలు కాదు, ఎంపిక.

ఈ ఎంపికలో అన్నిటికన్నా పెద్ద విస్మరణ మృత్యువు. 1967 మే నెలలో మొనాకోలో ఫెరారీ చోదకుడు లొరెంజో బందీని కారు మంటల్లో చిక్కుకుంది. ఆ గాయాలతో ఆయన మరణించాడు. ఆటగాడు అదే ట్రాక్‌లో ఎన్నిసార్లు గోడను ఢీకొన్నా మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఆనాటి చోదకుడి నైపుణ్యం తప్పు చేయకూడదన్న భయంలో పెరిగింది. ఆటగాడి నైపుణ్యం తప్పులు చేయగలిగిన స్వేచ్ఛలో పెరుగుతుంది. కారు విషయంలో ఈ ఆట ఎంత నిజమో, మనిషి విషయంలో అంత కల్పన. ఇది నిర్మాతల నేరం కాదు, ఆట అనే రూపానికున్న షరతు. అయితే 'వాస్తవికం' అన్న ఒక్క మాటతో సరిపెట్టే విమర్శ ఈ తేడాను కప్పివేస్తుంది.

6. ముగింపు

2001 నాటి 'నాస్కార్ రేసింగ్ 4' ఈ ఆట భౌతిక నమూనా ఆధారంగానే వచ్చింది. కేమర్ సహస్థాపకుడైన ఐరేసింగ్ 2008లో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. అంగడిలో ఓడిన ఆట తన రంగానికి దారి చూపింది. వీడియో గేమ్ విమర్శ ఇకపై ఒక ఆట ఎంత కఠినమని మాత్రమే అడిగితే చాలదు. ఆ కాఠిన్యం దేన్ని తెలియజేస్తోంది, దేన్ని దాచిపెడుతోంది అన్నది కూడా అడగాలి. 'గ్రాండ్ ప్రి లెజెండ్స్' యంత్రం స్వభావాన్ని తెలియజేసింది, దాన్ని నడిపినవారి ప్రాణభయాన్ని దాచింది. ఈ రెంటినీ కలిపి చెప్పినప్పుడే దాని విలువ నిర్ణయం సమగ్రమవుతుంది.