ప్లే డే

మా బొగ్గుబాయిల మీద ‘ప్లే డే’ అంటే ఆడుకునే రోజు కాదు. సెలవు రోజున కూడా పనికి పోయి, మామూలు కన్నా ఎక్కువ జీతం తెచ్చుకునే రోజు. ఆదివారం పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని బాపు బయల్దేరితే, పక్క క్వార్టర్ వాళ్లు “ఇయ్యాల ప్లేడే దొరికిందా?” అని అడిగేవాళ్లు. ఇంగ్లిష్ వాచకంలో ‘ప్లే’ అంటే ఆడుట అని చదువుకున్న నేను, ఆదివారాలు గోలేటి ఇంక్లైన్‌లో బాపు ఏదో ఆట ఆడి నల్లగా తిరిగొస్తాడని చాన్నాళ్లు నమ్మాను.

ఈ మాట మళ్లీ గుర్తొచ్చింది ఒక క్రికెట్ మ్యాచ్ వల్ల. 2024 జూన్ 6, గురువారం. టెక్సస్‌లోని గ్రాండ్ ప్రేరీలో పొద్దున పదిన్నర, మా గోలేటిలో రాత్రి తొమ్మిది. టీ20 ప్రపంచ కప్‌లో అమెరికా, పాకిస్తాన్ ఆడుతున్నాయి. పాకిస్తాన్ 159 కొట్టింది. ఆఖరి బంతికి నితీశ్ కుమార్ ఫోర్ కొట్టడంతో అమెరికా కూడా సరిగ్గా 159 దగ్గర ఆగింది. సూపర్ ఓవర్‌లో అమెరికా 18 చేస్తే, సౌరభ్ నేత్రావల్కర్ బంతి తీసుకుని పాకిస్తాన్‌ను 13 దగ్గర ఆపేశాడు. అర్ధరాత్రి దాటి గంటన్నర అయింది. రిటైరైన ఇన్నేళ్లకు కూడా షిఫ్టుల నిద్రే అలవాటైన బాపు మంచం మీద కూర్చుని, “ఇండ్ల అమెరికోడు ఏడున్నడే?” అన్నాడు.

నవ్వాను. ఆ ప్రశ్నకు జవాబు అంత తేలిక కాదని తర్వాత తెలిసింది. బ్యాటింగ్‌లో నిలబడ్డ ఆరోన్ జోన్స్ న్యూయార్క్‌లో పుట్టి బార్బడోస్‌లో పెరిగినవాడు. నేత్రావల్కర్ ముంబైవాడు. 2010లో భారత్ తరఫున అండర్-19 ప్రపంచ కప్ ఆడి, క్రికెట్‌లో దారి మూసుకుపోయాక కార్నెల్‌లో మాస్టర్స్ చదవడానికి 2015లో వెళ్లాడు. ఒరాకిల్‌లో ఇంజినీర్.

మర్నాటి నుంచి మన పత్రికలు, చానెళ్లు, యూట్యూబ్ అంతా ఒకటే కథ చెప్పాయి. పగలు కోడింగ్, సాయంత్రం బౌలింగ్. టోర్నీకి కూడా ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్తాడని ఆయన సోదరే చెప్పింది. కథ బాగుంది, నిజం కూడా. అయినా దాన్ని ఒక కథగానే చదివితే, అందులో ఏముందో, ఏం రాలిపోయిందో చూడాలనిపిస్తుంది. సాహిత్యం చదివేవాళ్లం కదా, వార్తల్లో వచ్చే కథను మాత్రం ఎందుకు వదిలేయాలి?

మొదట కనిపించేది, ఆ కథలో మెచ్చుకున్నది బౌలింగ్‌ను కాదు. ఎడమచేతి వాటం పేసర్ ఒత్తిడిలో వైడ్ యార్కర్‌ను ఎలా నమ్ముకున్నాడన్నది రెండు వాక్యాలు కూడా లేదు. మెచ్చుకున్నదల్లా ఆట మధ్యలోనూ ఆఫీసు పని మానకపోవడాన్ని. మా బాయి భాషలో చెప్పాలంటే, ఆయన ప్లే డే చేశాడని మెచ్చుకున్నారు. సెలవును కూడా మస్టరు కింద రాసిన మనిషి మనకు ఆదర్శం. అలా ఎందుకు చేయాల్సి వచ్చింది, అమెరికాలో క్రికెట్ మీదే బతకడం ఎందుకు కష్టం, అన్న ప్రశ్నలు అడిగితే కథలోని తియ్యదనం పోతుంది.

రెండోది మా ఇంటికి సంబంధించినది. మా అన్న కూడా 2015లోనే అమెరికా పోయాడు. బాపు రిటైర్‌మెంట్ డబ్బుల మీద, కొంత బ్యాంకు లోను మీద. ఉండేది గ్రాండ్ ప్రేరీకి కారులో అరగంట దూరం. మ్యాచ్‌కు పోయావా అంటే నవ్వాడు. “గురువారం పొద్దున మీటింగులుంటయ్ చెల్లె. ఒక స్క్రీన్ల టీమ్ కాల్, ఇంకో స్క్రీన్ల మూలకు మ్యాచ్. నితీశ్ ఫోర్ కొట్టినప్పుడు నేను మ్యూట్‌ల లేను. అందరికీ ఇనవడ్డది.”

తర్వాత మెల్లగా ఇంకో మాట అన్నాడు. “ఆటల మూడేండ్లు ఉంటే సాలు, ఆ దేశపోనివే. నాకు తొమ్మిదేండ్లయినా లైనే.”

అన్న చెప్పింది నిజమే. అంతర్జాతీయ క్రికెట్ కౌన్సిల్ నియమం ప్రకారం ఒక దేశానికి ఆడాలంటే అక్కడ పుట్టి ఉండాలి, లేదా పౌరసత్వం ఉండాలి, అవేవీ లేకపోతే వరసగా మూడేళ్లు అక్కడ నివసించి ఉండాలి. అమెరికా వలస చట్టం లెక్క వేరు. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశం వాళ్లకూ ఏడాదికి 7 శాతానికి మించి దక్కకూడదు. చిన్న దేశానికీ, భారత్‌కూ అదే 7 శాతం. అందుకే మనవాళ్ల లైను దశాబ్దాలు సాగుతుంది. ఆ లైనులో ఉన్నవాడు ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి. మూడేళ్లకే జెర్సీ ఇచ్చే నియమమూ, దశాబ్దాలు ఆపే నియమమూ ఒకే నేల మీద పనిచేస్తున్నాయి. ఆ రాత్రి స్టేడియంలో జెండాలు ఊపినవాళ్లలో రెండో నియమం కింద బతికేవాళ్లు ఎందరున్నారో కెమెరా చూపించలేదు. చూపించడం దాని పని కూడా కాదు. రాసేవాళ్ల పని.

ఈ తేడా క్రికెట్‌తో ఆగలేదు. 2025 జూన్‌లో అమెరికా అధ్యక్షుడు 12 దేశాల వాళ్ల రాకను నిషేధిస్తూ ఇచ్చిన ప్రకటనలో ఒక మినహాయింపు ఉంది. ప్రపంచ కప్, ఒలింపిక్స్ లాంటి పెద్ద పోటీలకు వచ్చే ఆటగాళ్లకు, కోచ్‌లకు, వాళ్ల దగ్గరి కుటుంబ సభ్యులకు ఆ నిషేధం వర్తించదు. ఆ 12 దేశాల్లో ఇరాన్, హైతీ ఉన్నాయి. రెండూ 2026 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కు అర్హత సాధించాయి. అంటే ఇరాన్ జట్టు రావచ్చు, ఆ జట్టు కోసం టెహ్రాన్‌లో గొంతు చించుకున్న అభిమాని మాత్రం రాకూడదు. ఆ కప్‌లో అన్నిటికన్నా ఎక్కువగా 9 మ్యాచ్‌లు దక్కింది ఆర్లింగ్టన్‌కు. గ్రాండ్ ప్రేరీకి పక్క ఊరే. ఏ నవలాకారుడైనా ఇలాంటి మినహాయింపు కల్పిస్తే మరీ అతిగా ఉందని మనమే అంటాం.

అదే ఏడాది సెప్టెంబర్ 19న ఇంకో ప్రకటన వచ్చింది. కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు. ఉన్న వీసాలకు ఇది వర్తించదని వివరణ రావడానికి ఒక రోజు పట్టింది. ఆ ఒక్క రోజులో చాలా ఇళ్లలో జరిగిందే మా ఇంట్లోనూ జరిగింది. అన్న సద్దుల బతుకమ్మకు రావాలి. నాలుగేళ్ల తర్వాత. టికెట్ కొన్నాడు. దేశం దాటొద్దని కంపెనీ వాళ్లు మెయిల్ పెట్టారట. వివరణ వచ్చాక కూడా ధైర్యం చాలక టికెట్ రద్దు చేసుకున్నాడు. ఫోన్ పెట్టేశాక అమ్మ ఏమీ అనలేదు. అన్న కోసం కొన్న తంగేడు రంగు కుర్తాను మళ్లీ కవర్లో పెట్టి బీరువాలో పైఅరకు సర్దింది.

ఆ వారం అన్నతో గొడవ పడ్డాను. ఇందులో నేను చేసిన తప్పు ఉంది, అందుకే రాస్తున్నాను.

అప్పట్లో నేను మహమ్మద్ అలీ గురించి చదువుతున్నాను. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో సైన్యంలో చేరేందుకు పేరు పిలిస్తే అలీ ముందుకు అడుగేయలేదు. బిరుదు లాక్కున్నారు. మూడేళ్లకు పైగా రింగులోకి రానివ్వలేదు. 1971లో సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది. 2016లో కోలిన్ కేపర్నిక్ జాతీయ గీతం వేళ మోకాలు వంచాడు. ఆ సీజన్ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మళ్లీ ఆడలేదు. 2018లో లెబ్రాన్ జేమ్స్ రాజకీయాలు మాట్లాడితే, నోరు మూసుకుని బంతాడించుకోమని ఒక టీవీ వ్యాఖ్యాత వెక్కిరించింది. ఆయన ఆ వెక్కిరింపునే పేరుగా పెట్టి డాక్యుమెంటరీ సిరీస్ తీయించాడు. ఇవన్నీ తలకెక్కించుకున్న నేను అన్నతో అన్నాను, “మీరంతా ఒక్కడన్నా నోరు తెరుస్తరా? ట్విట్టర్ల ఒక్క మాట రాసినవా? అలీ పుట్టిన దేశంల ఉంటున్నవ్.”

అన్న కాసేపు ఆగి అన్నాడు. “అలీని జైలుకు పంపుతమన్నరు చెల్లె. ఎయిర్‌పోర్టుకు పంపుతమనలేదు.”

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అమెరికా క్రీడాచరిత్రలో మనం మెచ్చుకునే ధిక్కారమంతా పౌరుల ధిక్కారం. అలీ పోగొట్టుకున్నది చిన్నదేం కాదు, యౌవనంలోని ఉత్తమ సంవత్సరాలు. ఆయన నల్లవాడైనందుకు ఆ పౌరసత్వం ఎంత సగం సగంగా ఉండేదో కూడా తెలుసు. ఐనా ఆ దేశంతో ‘ఇది నా దేశమే’ అని కొట్లాడగలిగాడు. వీసా మీద ఉన్నవాడికి ఆ వాక్యంలో మొదటి మాటే లేదు. మౌనాన్ని పిరికితనం అనేముందు, మాట్లాడితే ఎవడికి ఏం పోతుందో లెక్కేయాలి. నేను గోలేటిలో క్వార్టర్ వరండాలో కూర్చుని, పరాయి ఖర్చుతో వీరత్వం అడిగాను.

ఈ లెక్కలో మరిచిపోకూడని రాత్రి ఒకటుంది. 2017 ఫిబ్రవరి 22, కాన్సస్ రాష్ట్రం ఒలేథ్. పని ముగించుకున్న ఇద్దరు ఇంజినీర్లు, కూచిభొట్ల శ్రీనివాస్, అతని స్నేహితుడు, బార్‌లో కూర్చున్నారు. టీవీలో కాలేజీ బాస్కెట్‌బాల్ నడుస్తోంది. ఒకడు వచ్చి మా దేశం నుంచి పొమ్మని అరిచి కాల్చాడు. శ్రీనివాస్ చనిపోయాడు. ఆట చూడటానికి వచ్చిన ఇయాన్ గ్రిల్లట్ అనే స్థానికుడు వాణ్ని ఆపబోయి తూటా తిన్నాడు. హ్యూస్టన్‌లోని భారతీయులు ఇల్లు కొనుక్కోవడానికని గ్రిల్లట్‌కు లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు. ఇదంతా వార్తల్లో బాగానే వచ్చింది. భర్త పోవడంతో సునయనకు ఆ దేశంలో ఉండే హక్కే ప్రశ్నార్థకమైందన్నది అంత గట్టిగా రాలేదు. శ్రీనివాస్, గ్రిల్లట్ ఆ రాత్రి చూసింది ఒకే ఆట. ఒకరికి ఆ ఊళ్లో ఉండటానికి ఏ కాగితమూ అక్కర్లేదు.

ఇప్పుడు మన భాష సంగతి. తెలుగు పత్రికకు అమెరికా అనగానే చేతికొచ్చే మొదటి మాట ‘మన’. స్పెల్లింగ్ బీ గెలిస్తే మన పిల్లాడు. 2024 జూలైలో జేడీ వాన్స్ ఉపాధ్యక్ష అభ్యర్థి కాగానే పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు సంబరపడింది, ఉషా చిలుకూరి మన ఆడపడుచైంది. సంబరపడటంలో తప్పులేదు. కానీ ఈ ‘మన’ గెలిచినవాళ్ల దగ్గరే ఎందుకు ఆగుతుంది? లైనులో నిలబడ్డవాడు, లేఆఫ్ అయ్యాక 60 రోజులు లెక్కబెట్టుకునేవాడు, అప్పు చేసి పోయి తిరిగొచ్చినవాడు ఎవరి మనిషి? నేను చదివిన డయాస్పోరా కథల్లో ఆవకాయ ఉంది, ఊరి మీద బెంగ ఉంది, ముసలి తల్లిదండ్రుల పట్ల అపరాధభావం బోలెడు ఉంది. ఆ బెంగకు కారణమైన కాగితం మాత్రం అరుదుగా కనిపిస్తుంది. రాలేకపోవడాన్ని రాకపోవడంగా రాస్తే, తప్పంతా కొడుకు మనసులోకి పోతుంది. చట్టం చల్లగా తప్పించుకుంటుంది.

ఇదంతా అమెరికాను తిట్టడానికి రాస్తున్నానని అనుకోకండి. ఈ ‘మన’ను మేం గోలేటిలో కూడా సరిగ్గా అమెరికాలాగే వాడతాం. 2024 సెప్టెంబర్‌లో సింగరేణి లాభాల్లో 33 శాతం వాటా ప్రకటించారు. పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా 90 వేలు. కాంట్రాక్ట్ కార్మికుడికి 5 వేలు, అదీ మొట్టమొదటిసారి. ఓసీల్లో ఇద్దరి మీదా పడేది ఒకే దుమ్ము. బాపు పర్మినెంట్. ఆ క్వార్టర్, ఆ ఆసుపత్రి, ఆ గ్రాట్యుటీ, వాటి మీద అన్న చదువు, నా చదువు. కాంట్రాక్ట్ కార్మికుడు ఎందుకు సమ్మెలో ముందు నిలబడడని బాపు స్నేహితులు విసుక్కుంటే చిన్నప్పుడు విన్నాను. అన్నను నేను అడిగింది ఆ ప్రశ్నే. జవాబు కూడా ఒకటే. ఒకడికి సస్పెన్షన్, ఇంకొకడికి గేటు బయట.

2028లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ ఉంది. అప్పటికి అన్న వెళ్లి 13 ఏళ్లవుతుంది. గ్రీన్ కార్డు వస్తుందన్న ఆశ లేదు గానీ, ఆ మ్యాచ్‌కు సెలవు పెడతానంటున్నాడు. బాపుకు ఈ సంగతి చెప్పాను.

“సెలవు దొర్కుతదా వానికి?” అన్నాడు. కాసేపటికి మళ్లీ తనే, “అడుగు. ప్లేడే కాదు, ఉత్త సెలవే పెట్టమను. ఆట సూసుడుకు,” అన్నాడు.