స్టెప్ ఫిడేలు, సీగర్ స్వరలిపి

అమెరికన్ స్వరకర్త ఆరన్ కోప్లాండ్ 1942లో 'రోడియో' అనే బాలే నృత్యానికి కూర్చిన సంగీతంలో చివరి ఘట్టమైన 'హో డౌన్'కు మూలం అజ్ఞాతకర్తృకమైన ఒక జానపద బాణీ అని ఒక్క వాక్యంతో సరిపెట్టడం పరిపాటి కాగా, ఈ వారం ఒక కచేరీ పరిచయపత్రంలో మళ్లీ అదే వాక్యం కనిపించడం విచారకరం.

ఆ బాణీ పేరు 'బొనపార్ట్స్ రిట్రీట్', అంటే నెపోలియన్ తిరుగుముఖం. అమెరికాలోని ఫిడేలు వాద్యకారులు చాలామంది దీనిని, మన తిత్తిలాగా గాలిసంచితో మోగే బ్యాగ్‌పైప్‌ను తలపింపజేస్తూ, నెమ్మదైన కవాతుగా వాయించేవారు. కెంటకీ రాష్ట్రంలోని సాలియర్స్‌విల్‌లో విలియం హామిల్టన్ స్టెప్ దానినే పరుగులెత్తే నాట్యగతిలో వాయించగా, 1937 అక్టోబరులో అలన్, ఎలిజబెత్ లోమాక్స్ దంపతులు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం రికార్డు చేశారు.

ఈ బాణీ అందమంతా శ్రుతిలో ఉంది. పాశ్చాత్య పద్ధతిలో ఫిడేలు తీగకూ తీగకూ మధ్య పంచమం ఎడం ఉంటుంది. ఇక్కడ బిరడాలు తిప్పి అట్టడుగు తీగను బాగా వదులు చేసి, పై తీగను కూడా ఒక మెట్టు దించుతారు. అప్పుడు నాలుగు తీగలూ మంద్ర షడ్జం, మధ్య షడ్జం, పంచమం, తార షడ్జంగా పలుకుతాయి. స-ప-స-ప అని తీగలు కలుపుకొనే కర్ణాటక సంప్రదాయానికి ఇది ఎంత దగ్గరి చుట్టమో తంబురా నాదంలో పెరిగిన చెవి వెంటనే పోల్చుకుంటుంది. కమాను ఒకేసారి రెండు తీగలను ఒరుసుకుంటూ సాగడం వల్ల, పక్కన మరో శ్రుతివాద్యం లేకుండానే ఆధారషడ్జం నిలిచి మోగుతుంది.

నోటి విద్యను కాగితానికెక్కిస్తే దాని ఊపిరి ఆగిపోతుందన్నది ఈ శీర్షిక పాఠకులకు చిరపరిచితమైన వాదనే. స్టెప్ విషయంలో ఆ వాదన నిలవదు. రూత్ క్రాఫర్డ్ సీగర్ ఆ రికార్డును పదేపదే విని ఎంతో శ్రద్ధగా రాసిన స్వరలిపి 1941లో 'అవర్ సింగింగ్ కంట్రీ' సంకలనంలో అచ్చయింది. కోప్లాండ్ ఆ పుటల నుంచే బాణీని దాదాపు యథాతథంగా స్వీకరించాడు. అంటే, స్టెప్ ఎన్నడూ చూడని వాద్యబృందాలు నేటికీ ఆయన ఒకనాడు పట్టిన నడకనే వాయిస్తున్నాయి, దానిని వారికి అందించినది కాగితమే.

కాబట్టి 'హో డౌన్' వాయించే ప్రతి కచేరీ పత్రంలోనూ కోప్లాండ్ పేరు కింద, వాయించిన స్టెప్ పేరునూ, రాసిపెట్టిన సీగర్ పేరునూ నిర్వాహకులు విధిగా అచ్చువేయాలి.