గట్టు పేరు ఏటికెక్కింది

ఈ వారం ఒక అనువాద వ్యాసంలో ‘ఫ్రెంచ్ రివియెరా’ అనే సముద్రతీరం కాస్తా ‘ఫ్రెంచి నది’ అయింది. కాన్ సినిమా పండుగ నది ఒడ్డున జరుగుతుందట! ఒళ్లు మండింది. మాట పుట్టుక తెలియకుండా కలం పట్టకూడదని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు రాశాను. ఆ పట్టుదలతోనే నిఘంటువులు ముందేసుకున్నాను.

లాటిన్‌లో ‘రీపా’ అంటే గట్టు. ‘రీపారియా’ అంటే గట్టుకు చెందినది. స్పానిష్ ‘రిబేరా’ ఆ గట్టును వదల్లేదు. దువేరో నది వెంబడి ద్రాక్షతోటల సీమను ‘రిబేరా దెల్ దువేరో’ అంటారు. అదే నది పోర్చుగల్‌లో దిగి, సముద్రంలో కలవబోతూ పోర్తో నగరాన్ని ఒరుసుకుంటుంది. అక్కడి ఒడ్డున ఉన్న పాతపేట పేరు ‘రిబేయ్‌రా’. నది ఒకటే, మాటా ఒకటే. అయితే పోర్చుగీసులో ఆ మాటకు వాగు అనే అర్థమూ ఉంది. మదీరా దీవిలో ‘రిబేయ్‌రా బ్రావా’ అనే ఊరుంది, అంటే ఉరవడి వాగు. గట్టు నీళ్లలోకి దిగిందన్నమాట.

ఫ్రెంచిలో పూర్తిగా మునిగింది. ‘రివియేర్’ అంటే నదే. అందులోనూ పట్టింపుంది: సముద్రంలో కలిసేది ‘ఫ్లవ్’, మరో నదిలో కలిసేది ‘రివియేర్’. సేన్ ఫ్లవ్, పారిస్ దగ్గర దానిలో కలిసే మార్న్ రివియేర్. ఆ లెక్కన మన గోదావరి ఫ్లవ్, మంజీర రివియేర్. ఇంగ్లీషు ‘రివర్’ వచ్చింది పాత ఫ్రెంచి నుంచే.

ఇటలీలో గట్టు సముద్రం దాకా నడిచింది. జెనోవాకు పడమట ‘రివియెరా ది పొనెంతె’, తూర్పున ‘రివియెరా ది లెవాంతె’. పొద్దుగుంకే తీరం, పొద్దుపొడిచే తీరం. కొండలు నీళ్ల మీదికి వచ్చేస్తాయి. మధ్యన మిగిలిన ఇరుకు నేల మీదే ఊళ్లు. దాన్ని గట్టు అనడంలో వింతేముంది? ‘ఫ్రెంచ్ రివియెరా’లో ఉన్నదీ ఈ ఇటలీ మాటే.

పుట్టుకే ప్రమాణమైతే, నదిని పట్టుకుని గట్టు అంటున్న ఫ్రాన్స్ మొత్తం తప్పు మాట్లాడుతున్నట్టే. అలా అనే హక్కు ఎవరికీ లేదు. ‘ఫ్రెంచి నది’ తప్పే. కానీ అది తప్పని తేల్చింది లాటిన్ ధాతువు కాదు, ఈనాటి వాడుక. వ్యుత్పత్తి సాక్ష్యం చెబుతుంది, తీర్పు చెప్పదు. మాట నడిచొచ్చిన దారిని చూపడం పండితుల పని. అది ఇప్పుడెక్కడ కాపురముందో తెలియాలంటే ముందు ఆ ఒడ్డున బతికేవాళ్లని అడగాలి, ఆ తర్వాతే లాటిన్‌ని.