టెండరు పెట్టె లేని టెండరు

టెండరులో రహస్యంగా ఉండాల్సింది ధర ఒక్కటే, అదీ తెరిచే ఘడియ వరకే. తక్కినదంతా పదిమందికీ కనబడాలి. పాత పెట్టె పద్ధతిలో ఇది తలకిందులుగా ఉండేది. షెడ్యూలు ఎవరు కొన్నారో కౌంటరు దగ్గరే తెలిసిపోయేది. కొన్నవాళ్ళను కూర్చోబెట్టి, పని ఎవరికి వదలాలో ముందే మాట్లాడుకుని రింగ్ కట్టేవారు. రింగుకు ఒప్పుకోనివాడికి పెట్టె ఉన్న గది దాకా పోవడమే గగనం. కడప జిల్లా వాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులల్లో ఒక చిన్న కాంట్రాక్టరు పనికి టెండరు వేయాలంటే, రేటు కట్టుకోవడానికి ముందు మనుషుల్ని చూసుకోవాల్సి వచ్చేది.

2003 జనవరిలో ఆంధ్రప్రదేశ్ మొదలుపెట్టిన ఈ-ప్రొక్యూర్‌మెంట్ వేదిక ఈ చిక్కు మీదే పనిచేసింది. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో సి1 ఇండియా సంస్థ దాన్ని నడిపింది. నీటిపారుదల, రోడ్లు భవనాలు వంటి కొద్ది శాఖలతో ఆరంభమై క్రమంగా మిగతా శాఖలకూ పాకింది. రాష్ట్ర విభజన తర్వాత రెండు రాష్ట్రాలకూ వేర్వేరు పోర్టళ్ళు వచ్చాయి. ఇరవై ఏళ్ళు దాటినా దీని పనితనం గురించి మనం మాట్లాడుకున్నది తక్కువ. ఎవరికి పని దక్కిందన్నదే వార్త అవుతుంది గాని, ఎలా దక్కిందన్నది కాదు.

ముందు తాళం సంగతి చూద్దాం. కాంట్రాక్టరు తన రేటు నింపి డిజిటల్ సంతకం చేయగానే ఆ అంకె సంకేతాల్లోకి మారి సర్వర్‌లో చేరుతుంది. దాన్ని తెరవడానికి టెండరు నోటీసులో చెప్పిన సమయం రావాలి, అధికారి తన డిజిటల్ తాళంతో లాగిన్ కావాలి. బ్యాంకు లాకరు రెండు తాళాలుంటేనే తెరుచుకున్నట్టు, ఇక్కడ గడియారం ఒక తాళం, అధికారి మరో తాళం. సాంకేతిక బిడ్‌లో అర్హత తేలనివాడి ధర కవరు మూసినట్టే ఉండిపోతుంది. గడువు దాటాక ఒక్క క్షణం ఆలస్యమైనా సర్వర్ తీసుకోదు. పెట్టె దగ్గర ‘కాస్త చూసుకోండి సార్’ అనే మాటకు చోటుండేది, సర్వర్ దగ్గర ఉండదు.

ఇదంతా చెల్లడానికి చట్టం అండ కావాలి. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం డిజిటల్ సంతకానికి చేవ్రాలుతో సమానమైన విలువ ఇచ్చింది. టెండర్ల కోసం తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో విడిగా చట్టాలు చేసుకున్నాయి. మన దగ్గర ఎక్కువ భాగం జీవోలతోనే నడిచింది. అందుకే మన సాఫ్ట్‌వేర్ మీద బరువు ఎక్కువ పడింది. జీవోలోని ప్రతి వాక్యమూ తెర మీద ఒక గడిగా మారాలి.

2003 జూలై 1 నాటి 94వ నంబరు జీవో తీసుకోండి. అంచనా కాంట్రాక్టు విలువ కోటి రూపాయలున్న పనికి ఒకరు 20 శాతం లెస్ వేశారనుకుందాం. కోట్ చేసింది 80 లక్షలు. 15 శాతం లెస్ దాకా ఇబ్బంది లేదు. అది దాటితే, 85 లక్షలకూ తాను వేసిన మొత్తానికీ మధ్య తేడా, అంటే 5 లక్షలు, అదనపు హామీగా కట్టాలి. 25 శాతానికి మించి లెస్ కుదరదు. అందరూ 25 దగ్గరే ఆగితే లాటరీ. ఎక్సెస్, అంటే అంచనాకు మించి వేస్తే, 5 శాతం దగ్గర గీత. పని దక్కించుకోవడానికి తెగించి తక్కువకు వేసి, తర్వాత సగంలో వదిలేసే అలవాటును ఈ లెక్క డబ్బుతోనే నిలదీసింది. నియమం రాసినవారికీ, దాన్ని తెర మీదికి తెచ్చినవారికీ ఇందులో సమాన భాగం ఉంది.

పోర్టల్ ఖర్చు ఎలా రాబట్టారన్నదీ గమనించదగ్గదే. తర్వాతి కాలపు టెండరు నోటీసుల ప్రకారం పాల్గొనే ప్రతివారూ విలువలో 0.03 శాతం ట్రాన్సాక్షన్ ఫీజు కడతారు. కోటి పనికి అది 3 వేలు. 50 కోట్ల దాకా 10 వేలకు, ఆ పైన 25 వేలకు మించదు. చిన్నవాడు వెనక్కి తగ్గేంత బరువు కాదు.

2019లో ఈ సాఫ్ట్‌వేర్‌కు అసలు పరీక్ష ఎదురైంది. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ న్యాయ పరిశీలన చట్టం చేసింది. దాని కింద 100 కోట్లు, ఆ పైబడిన ప్రాజెక్టుల టెండరు పత్రాలు ముందుగా న్యాయమూర్తి ముందుకు వెళ్ళాల్సి ఉండేది. వారం రోజులు ప్రజల సూచనలకు పెట్టాల్సి ఉండేది. మొత్తం 15 రోజుల్లో పరిశీలన ముగియాల్సి ఉండేది. జస్టిస్ బి. శివశంకరరావును ఆ పనికి నియమించారు. దాంతోపాటే రివర్స్ టెండరింగ్ వచ్చింది. అంతకుముందు ధర కవరు తెరవడంతో కథ ముగిసేది. ఈ పద్ధతిలో అక్కడే వేలం మొదలయ్యేది. ఎల్1 ధర, అంటే అందరికన్నా తక్కువగా వేసిన ధర, నుంచి కిందికి పాడుకుంటూ పోవాల్సి ఉండేది. ధర ఎంతన్నది అందరికీ కనబడుతూ, వేసిందెవరన్నది కనబడకుండా ఉండాల్సి వచ్చేది. దాచే పనికి కట్టిన యంత్రాన్ని చూపించే పనికి కూడా మలచాల్సి వచ్చిందన్నమాట. పోలవరం ఎడమ అనుసంధాన పనిలో 2019 సెప్టెంబరులో ఇది తొలిసారి అమలైంది. 274.55 కోట్ల అంచనా ఉన్న పని 231.47 కోట్లకు ఖరారైంది. 2024లో ప్రభుత్వం మారాక రివర్స్ టెండరింగ్ ఆగిపోయింది. విధానం మంచిచెడ్డల మీద వాదాలు ఎన్నైనా ఉండొచ్చు. నియమాన్ని తగిలించడానికీ, విప్పడానికీ వీలుగా వేదికను కట్టడం మాత్రం మెచ్చుకోవాల్సిన పనితనమే.

లోపం లేదని కాదు. తాళం ఎంత గట్టిదైనా ఫోనులో కుదిరే రింగును అది ఆపలేదు. ఒక్కరికే సరిపోయేలా అర్హతలు రాస్తే సాఫ్ట్‌వేర్ వాటిని నమ్మకంగా అమలుచేస్తుంది. సరఫరాదారుల్ని సిద్ధం చేయడంలోనూ మన శ్రద్ధ చాలదు. ఊళ్ళలో చాలామంది డిజిటల్ సంతకం టోకెన్‌ను, పాస్‌వర్డ్‌తో సహా, టెండర్లు వేసిపెట్టే ఇంటర్నెట్ కొట్లో వదిలేస్తారు. సర్వర్‌లో అంత జాగ్రత్తగా దాచిన రేటు ఆ కొట్టు బల్ల మీదే నలుగురి కంటా పడవచ్చు.

అందుకే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కొత్త కాంట్రాక్టర్లకూ, సరఫరాదారులకూ ఒక మాట. టోకెన్ మీ జేబులో ఉంచుకోండి. దాని గడువు ఎప్పుడు తీరుతుందో రాసి పెట్టుకోండి. స్కాన్ చేయాల్సిన పత్రాలు ముందే సిద్ధం చేసుకోండి. ఆఖరి గంటదాకా ఆగకండి. రేటు గడి మాత్రం మీ చేత్తో మీరే నింపండి.