ఆట, పందెం, అధికారం: నాయకురాలు నాగమ్మ – తెలుగు జానపద, ఫాంటసీ చిత్రాల నాయికలు

వ్యాససంగ్రహం:
జానపద, ఫాంటసీ చిత్రాల్లోని బలమైన స్త్రీ పాత్రలను సాధారణంగా వారి పరాక్రమాన్ని బట్టి, మహిమలను బట్టి అంచనా వేస్తుంటారు. ఆ కొలమానం చాలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పల్నాటి వీరగాథలోని నాయకురాలు నాగమ్మ పాత్రను ప్రాతిపదికగా తీసుకొని, కథలో నిర్ణయం ఎవరిది, ఆ నిర్ణయాధికారానికి కథ ఏ ఆధారం చూపుతుంది అన్న ప్రశ్నలతో కొన్ని ప్రసిద్ధ చిత్రాలను పరిశీలిస్తుంది. మాతృత్వం, దైవత్వం, పాతివ్రత్యం అనే మూడు ఆధారాల్లో ఏదీ లేని స్త్రీ అధికారాన్ని తెలుగు కథాసంప్రదాయం ఎలా గ్రహించిందో వివరిస్తుంది.

కీలకపదాలు: పల్నాటి వీరచరిత్ర, నాగమ్మ, కోడిపందెం, జానపద చిత్రాలు, ఫాంటసీ, స్త్రీ పాత్ర చిత్రణ.

1. ప్రవేశిక:
నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. పల్నాటి సీమకు తెలుగువారి ఊహలో రూపం ఇచ్చింది మాత్రం పన్నెండో శతాబ్దపు యుద్ధగాథే. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు, కారంపూడిలో నాగులేటి ఒడ్డున రణరంగం: ఈ భూగోళమంతా కథతో నిండినదే. టెలివిజన్ వచ్చాక పుట్టిన తరానికి దీని పక్కనే మరో కథాలోకం చేరింది. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ (1990), ‘అమ్మోరు’ (1995), ‘అరుంధతి’ (2009) వంటి చిత్రాలు ఆ తరం బాల్యంలో భాగమయ్యాయి. ఇంద్రజను, జేజమ్మను ఇష్టపడిన ప్రేక్షకులే నాగమ్మను కుట్రదారుగా తలచుకుంటారు. ఒకే ప్రేక్షకలోకంలో ఈ రెండు స్పందనలు ఎలా ఇముడుతున్నాయన్నది ఈ వ్యాసం పరిశీలించే సమస్య.

2. వీరగాథలో రెండు ఆటలు:
పల్నాటి కథ గమనాన్ని రెండు ఆటలు మలుపు తిప్పుతాయి. మొదటిది కోడిపందెం. ఓడిన పక్షం ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లాలన్నది షరతు. బ్రహ్మనాయుడి పక్షం ఓడి మాచర్లను వదులుకుంది. రెండవది బాలచంద్రుడి బొంగరాలాట. అతని బొంగరం ఒక స్త్రీ కాలికి తగిలి గాయమవుతుంది. ఆమె ఆడిన నిష్ఠురమే అతని మనసును ఆట నుంచి యుద్ధం వైపు మళ్లిస్తుంది. ఆ తర్వాత రణానికి సాగనంపే ఘట్టంలో భార్య మాంచాల నిలుస్తుంది.

అంటే ఈ గాథలో ఆటకూ యుద్ధానికీ నడుమ ముగ్గురు స్త్రీలు ఉన్నారు. పందెం ఒడ్డిన స్త్రీ ఒకరు, ఆటలో దెబ్బతిని నిలదీసిన స్త్రీ ఒకరు, వీరుణ్ణి యుద్ధానికి పంపిన స్త్రీ మరొకరు. సంప్రదాయం మాంచాలను ‘మగువ మాంచాల’గా కీర్తించింది. నిలదీసిన స్త్రీ తన మాట చెప్పి కథలోంచి తప్పుకుంటుంది. పందెం ఒడ్డిన నాగమ్మ ఒక్కతే నింద మోసింది.

ఇందుకు కథానిర్మాణంలోనే కారణం ఉంది. పందెం, ఓటమి, ప్రవాసం, రాయబారం, దాయాదుల పోరు అనే క్రమం భారతకథను తలపిస్తుంది. ఆ పోలికలో నాగమ్మకు దక్కింది శకుని స్థానం. అయితే ఈ పోలిక పూర్తిగా పొసగదు. శకుని మేనల్లుడి కోసం పాచికలు వేసిన ఆంతరంగికుడు. నాగమ్మ రాజ్యభారం వహించిన మంత్రిణి, సేనను నడిపిన నాయకురాలు. శకుని స్థానంలో ఉంచడం వల్ల ఆమె రాజనీతి అంతా జూదరి మోసంగానే కనిపిస్తుంది. కోడిపందెంలో ఆమె గెలుపును జనశ్రుతి మోసంగానే చెబుతుంది. ఆ షరతుకు ఒప్పుకొని రాజ్యాన్ని పందెంలో పెట్టిన బ్రహ్మనాయుడి బాధ్యత మాత్రం వెనక్కి పోతుంది.

నాగమ్మను నిర్దోషిగా నిలబెట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. రాయబారిగా వచ్చిన అలరాజును విషప్రయోగంతో చంపించడం కథాధర్మం ప్రకారం క్షమార్హం కాదు. బ్రహ్మనాయుడి చాపకూడు, కన్నమదాసుకు ఇచ్చిన గౌరవం ఆనాటి కులవ్యవస్థను ధిక్కరించిన పనులు. ఆ సంస్కరణ పక్షానికి ప్రత్యర్థి కావడం వల్ల కూడా ఆమెపై సానుభూతికి చోటు తగ్గింది. ఆమె నేరాలను లెక్కించేటప్పుడు ఆమె సామర్థ్యాన్ని కూడా నేరాల జాబితాలో చేర్చడమే విమర్శ గుర్తించవలసిన విషయం.

3. ఆరాధనలో, తెరపై నాగమ్మ:
కారంపూడిలో కార్తిక అమావాస్య నుంచి జరిగే వీరారాధన ఉత్సవాల్లో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అనే ఐదు ఘట్టాలు ఉంటాయి. కోడిపోరు రోజున పందేన్ని మళ్లీ ఆడి చూపుతారు. ఫలితం ముందే తెలిసిన ఆ ఆటను చూడటానికి జనం ఏటా చేరతారు. ఆట సంస్కృతికి మూలమని హోయిజింగా ‘హోమో లూడెన్స్’ (1938)లో చేసిన ప్రతిపాదనకు ఇంతకంటె దగ్గరి తెలుగు ఉదాహరణ అరుదు. గమనించవలసింది ఏమిటంటే, నాగమ్మ లేకుండా ఈ ఆట లేదు. నైతికంగా నిరాకరించిన పాత్రను క్రతువు ఏటా ఆహ్వానించక తప్పడం లేదు.

చలనచిత్రంలోనూ ఇదే వైరుధ్యం ఉంది. గూడవల్లి రామబ్రహ్మం ప్రారంభించగా ఆయన మరణానంతరం ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేసిన ‘పల్నాటి యుద్ధం’ (1947)లో నాగమ్మ పాత్రను కన్నాంబ ధరించారు. గుత్తా రామినీడు దర్శకత్వంలో వచ్చిన 1966 నాటి చిత్రంలో భానుమతి ధరించారు. ప్రతినాయిక పాత్రకు ఇద్దరూ అగ్రశ్రేణి నటీమణులే. భానుమతి అప్పటికే ‘చండీరాణి’ (1953)ని మూడు భాషల్లో స్వయంగా దర్శకత్వం వహించి తీసిన కళాకారిణి. స్టూడియోను నడిపిన స్త్రీ రాజ్యాన్ని నడిపిన స్త్రీగా కనిపించినప్పుడు, కథ ఇచ్చే తీర్పు ఒకటి, ప్రేక్షకుడికి కలిగే ఆకర్షణ మరొకటి అవుతాయి. నిందించడానికి తీర్చిన పాత్రను నటి వాచికంతో, ఠీవితో ఆస్వాదించేలా చేస్తుంది.

4. ప్రతిమ, ఉంగరం, ఆయుధం:
జానపద, ఫాంటసీ చిత్రాల్లో శక్తి తరచు స్త్రీరూపంలోనే ఉంటుంది. అది ఎవరి అదుపులో ఉందన్నదే ప్రశ్న. ‘పాతాళభైరవి’ (1951)లో దేవి అనుగ్రహం ఒక ప్రతిమలో ఇమిడి ఉంది. ప్రతిమ తోట రాముడి చేతిలో ఉంటే అతనికి, మాంత్రికుడి చేతిలో ఉంటే అతనికి ఆమె పలుకుతుంది. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో దేవకన్య ఇంద్రజ ఉంగరం పోగొట్టుకొని స్వర్గానికి తిరిగి వెళ్లలేకపోతుంది. శ్రీదేవి నటన ఆ పాత్రకు చిలిపితనాన్నీ రాజసాన్నీ ఇచ్చినా, ఆమె స్వేచ్ఛ నాయకుడి వేలికున్న ఉంగరానికి ముడిపడి ఉంది.

‘అమ్మోరు’లో శక్తి భక్తురాలి పక్షాన నిలుస్తుంది. నిస్సహాయ అయిన భవానికి దేవత తోడుగా వస్తుంది. ఇక్కడ స్త్రీకి రక్షణ లభించింది గాని అధికారం లభించలేదు. అదే దర్శకుడు కోడి రామకృష్ణ తీసిన ‘అరుంధతి’లో మార్పు స్పష్టం. జేజమ్మ నిర్ణయం ఆమెదే, పోరాటం ఆమెదే, నాయకుడి రక్షణ కోసం ఆమె ఎదురుచూడదు. కాని పశుపతిని అంతం చేసే ఆయుధం ఆమె అస్థికల నుంచి రూపొందాలి. ఆయుధం పరాయి చేతి నుంచి ఆమె సొంతమైంది. అందుకు ఆమె చెల్లించిన మూల్యం ప్రాణం. త్యాగం ద్వారా పవిత్రమైన తర్వాతనే ఆ శక్తి జనామోదం పొందింది.

5. శివగామి – నాగమ్మ:
‘బాహుబలి’ చిత్రాల్లోని (2015, 2017) శివగామి నాగమ్మకు చాలా దగ్గరి పాత్ర. రాజ్యంలో తుది నిర్ణయం ఆమెది. వారసుణ్ణి నిర్ణయిస్తుంది, శిక్ష విధిస్తుంది. ఆమె తప్పుడు నిర్ణయమే ఒక వీరుడి మరణానికీ రాజ్యక్షోభకూ దారితీసింది. అయినా ప్రేక్షకులు ఆమెను ద్వేషించరు. ఆ పొరపాటు విషాదంగా గుర్తుంటుంది. పసిబిడ్డను నీటిపై ఎత్తిపట్టిన చేయి ఆమె చివరి చిత్రంగా మిగులుతుంది.

ఈ భేదానికి మూలం మాతృత్వం. శివగామి తన బిడ్డకూ, తోడికోడలి బిడ్డకూ తల్లి. ఆమె అధికారం వంశరక్షణలో భాగం. ‘అమ్మోరు’ దైవత్వాన్నీ, మాంచాల పాతివ్రత్యాన్నీ ఆధారం చేసుకున్నాయి. ‘రుద్రమదేవి’ (2015)లోని పాలకురాలు సైతం తొలుత పురుషవేషంలో రాజ్యానికి పరిచయం కావలసి వచ్చింది. నాగమ్మకు వీటిలో ఏ ఆధారమూ లేదు. కథలో ఆమె ఎవరి భార్యగానూ, తల్లిగానూ అధికారం చేయదు. రాజవంశీకురాలూ కాదు. బుద్ధిబలం ఒక్కటే ఆమె అర్హత. అందుకే శివగామి విషయంలో పొరపాటు అనిపించుకున్నది నాగమ్మ విషయంలో దుర్బుద్ధి అయింది.

6. ఆడేవారి స్థానం:
చిత్రంలో ప్రేక్షకుడు చూస్తాడు. ఆటలో పాల్గొనేవాడు నిర్ణయిస్తాడు. 1996లో వచ్చిన ‘టోంబ్ రైడర్’ ఆట లారా క్రాఫ్ట్ రూపకల్పనపై, ముఖ్యంగా ఆమె దేహచిత్రణపై, విమర్శలు వచ్చాయి. అయినా ఆడేవారి ప్రతి అడుగూ ఆ స్త్రీ అడుగే అయింది. వ్యూహరచన ప్రధానమైన ఫాంటసీ ఆటల్లో ఇది మరింత ముందుకు వెళుతుంది. కోట కట్టడం, సేనను కూర్చడం, ప్రత్యర్థి ఎత్తును ముందే ఊహించడం వాటిలో ఆనందహేతువులు. అది అచ్చంగా గురజాల మంత్రిణి చేసిన పని. ఆటలో మెచ్చుకొనే నైపుణ్యాన్ని కథలో స్త్రీకి ఆపాదించినప్పుడు మాత్రమే కుతంత్రం అనడం విమర్శకు నిలవదు.

7. ముగింపు:
పై పరిశీలనను బట్టి, కత్తి పట్టడం వల్లనో మహిమలు చూపడం వల్లనో ఒక స్త్రీ పాత్ర బలమైనది కాదని తేలుతుంది. పందెం ఎవరు నిర్ణయించారు, శక్తి ఎవరి అదుపులో ఉంది, ఆ అధికారానికి కథ ఏ ఆధారం కోరింది అన్న మూడు ప్రశ్నలు అడగాలి. ఈ ప్రశ్నల ముందు ఇంద్రజ కంటే జేజమ్మ, జేజమ్మ కంటే శివగామి, నిర్ణయాధికారంలో శివగామి కంటే నాగమ్మ బలమైన పాత్రలుగా నిలుస్తారు.

శ్రీనాథుడి పేర ప్రసిద్ధమైన ద్విపద నుంచి, వీరవిద్యావంతుల గానం మీదుగా, జీన్ రోఘైర్ 1982లో ఆంగ్లంలో వెలువరించిన మౌఖిక కథనం వరకు నాగమ్మకు పలు రూపాలు ఉన్నాయి. ఈ పాఠాల్లో ఆమె మాటలను, కథకుడు ఆమె గురించి చెప్పిన మాటలను వేరుచేసి పోల్చి చూడటం తక్షణం జరగవలసిన పరిశోధన. పల్నాటి తరగతి గదుల్లో ఆ పాఠాన్ని బోధించేవారికి ఇది మరీ అవసరం. తెరపై కల్పిత రాజమాతను మెచ్చుకొనే విద్యార్థినికి తన సీమలో రాజ్యం నడిపిన స్త్రీ కేవలం కుట్రదారుగా పరిచయమైతే, అధికారం గురించి ఆమె నేర్చుకొనే పాఠం వేరుగా ఉంటుంది.