‘ఎంపు’ కథ: వైకల్యము, స్త్రీత్వము

‘చాసో’ యను పేర ప్రసిద్ధులైన చాగంటి సోమయాజులుగారు (1915–1994) శ్రీకాకుళమున జన్మించి విజయనగరమున జీవించినవారు. వారి కథలలో ‘ఎంపు’ నిడివిచే చిన్నది. మానవసంబంధములను ధనము శాసించు తీరునకు దీనిని నిదర్శనముగా చూపుట విమర్శకులలో పరిపాటి. ఆ నిర్ణయము సరియైనదే. కాని అది చాలదు. ఈ కథలో ధనముతోపాటు మరి రెండు విషయములు కొలతకు వచ్చినవి. ఒకటి వికలమైన దేహము, రెండవది స్త్రీ కోరిక. ఈ మూటిని విడదీసి చదివినంతకాలము కథాహృదయము మనకు పూర్తిగా చిక్కదని ఈ వ్యాసముయొక్క ప్రతిపాదన.

ఇతివృత్తము సులభము. బిచ్చమెత్తి బ్రదుకు ముసలివానికి పెండ్లీడు కూతురు కలదు. ఆమె మనసు ఒక కుంటివానిపై నిలిచినది. తండ్రి మాత్రము గుడ్డివానిని చేసికొమ్మని బోధించును. గుడ్డివానికి బిచ్చము మెండుగా దొరకుననుట అతని వాదము.

ముందుగా కథానామమును విచారింపవలెను. ‘పెంచు’నుండి ‘పెంపు’, ‘తెంచు’నుండి ‘తెంపు’ ఏర్పడినట్లే ‘ఎంచు’నుండి ‘ఎంపు’ ఏర్పడినది. ఎంచుట యనగా ఏరుకొనుట. ఎంచుట యనగా లెక్కించుట కూడ. కూతురు మొదటి యర్థమున ఎంచినది. తండ్రి రెండవ యర్థమున ఎంచినాడు. వరుని కోరుకొనుటయు, కాసులు లెక్కపెట్టుటయు ఒక్క ధాతువునందే ఇమిడియుండుట తెలుగు నుడికారపు విశేషము. కథలోని సంఘర్షణమంతయు ఆ రెండర్థముల నడుమనే జరిగినది.

ఇక వైకల్యము మాట. ‘గుడ్డికంటె మెల్ల మేలు’ అని మన సామెత. లోకము లోపములకు మెట్లు కట్టినది. లోపము తగ్గినకొలది మేలని దాని తీర్పు. ముసలివాని లెక్కలో ఈ మెట్లు తలక్రిందులైనవి. అచట లోపము పెరిగినకొలది మేలు. దాత జాలి ఏ దేహముపై ఎక్కువగా కురియునో ఆ దేహమునకే విలువ హెచ్చు. దీనినిబట్టి చూడగా వైకల్యపు విలువ దేహమునందు లేదు, చూచువాని కంటియందున్నది. ఈ విషయమును చాసో సిద్ధాంతముగా చెప్పలేదు. ఒక ముష్టివాని లోకజ్ఞానముగా చూపినారు.

ఈ లెక్కలో కూతురి స్థానమేమి? గుడ్డివాడు వీధులు తిరుగవలెనన్న చేయి పట్టి నడుపువారొకరు కావలెను. ఆమె కన్నులే అతనికి పెట్టుబడి. కనుక తండ్రి ఎంచినది వరుని మాత్రమే కాదు. కూతురు జీవితాంతము చేయవలసిన చాకిరిని కూడ ఎంచినాడు. వికలాంగుల సేవాభారము ఇంటి ఆడుదానిపై పడుట లోకసహజముగా మనము భావింతుము. కథ ఆ సహజత్వమును వివాహపు బేరముగా విప్పి చూపినది.

ఇంతకన్న ముఖ్యమైనది వేరొకటి కలదు. సాహిత్యమున వికలాంగుడు సాధారణముగా దయకో, హాస్యమునకో, పూర్వజన్మ కర్మకో ఉదాహరణగా వచ్చును. కామింపబడువాడుగా వచ్చుట అరుదు. ఇచట ఒక యువతి కుంటివానిని కుంటివాడని యెఱిగియే కోరినది. బిచ్చగత్తెకు మనసున్నదనియు, కుంటివాడు ఒకరి వలపునకు పాత్రుడనియు ఏకకాలమున అంగీకరించిన రచన యిది. దీనిని ఆర్థికవాదమునకు మాత్రమే అప్పగించుట న్యాయము కాదు.

విజయనగరముననే పుట్టిన ‘కన్యాశుల్కము’తో దీనిని పోల్చినచో మరికొంత తేటపడును. 1897 నాటి తొలికూర్పు పీఠికలో గురజాడ అప్పారావుగారు విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో జరిగిన శుల్కవివాహములు 1,034 అని లెక్క చూపినారు. వారిలో అయిదేండ్ల బాలికలు 99 మంది, ఏడాది వయసువారు ముగ్గురు. అచట తండ్రి కూతురి దేహమునకు వెల కట్టినాడు. ఇచట తండ్రి అల్లుని లోపమునకు వెల కట్టినాడు. అగ్రహారమునకును ముష్టివాని మకామునకును నడుమ కులమున, ఆచారమున ఎంతో యెడమున్నను బేరమాడువాడు తండ్రియే. ఒక భేదము గమనింపదగినది: అగ్రహారపు పసిబిడ్డకు నోరు లేదు, బిచ్చగాని కూతురు తన కోరికను చెప్పగలిగినది.

కథనుండి ఈ ప్రాంతపు చరిత్రకు వచ్చినచో వైకల్యమును జయించినవారుగా మనము స్మరించు పేర్లు కలవు. 1919లో విజయనగరమున స్థాపింపబడిన సంగీత కళాశాలకు, ఆస్థానోద్యోగి చాగంటి జోగారావుగారి కుమారుడు, చూపులేని బాలుడు, నిమిత్తమైనాడని ప్రసిద్ధి. అచట వాయులీనాచార్యులై, 1936లో అధ్యక్షులైన ద్వారం వేంకటస్వామినాయుడుగారు దృష్టిమాంద్యము కలవారు. పాతపట్నమునకు పొరుగుననున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిన గిడుగు రామమూర్తిగారు (1863–1940) సవర భాషకై మన్యము తిరిగి, చలిజ్వరము పాలై, క్వినైను అధికముగా సేవించి వినికిడి కోల్పోయినారు. పలుకుబడి భాషకై పోరాడిన మహనీయుడు ఆ పలుకును చెవులార వినలేకపోయినాడు.

ఈ ముగ్గురును పురుషులే. వారి ప్రతిభకు ఆస్థానమో, విద్యాలయమో, ఉద్యమమో ఆశ్రయమైనది. అదే కాలమున చూపులేని బాలికకు ఏ ఆశ్రయము లభించియుండును? ఈ ప్రశ్నను ‘ఎంపు’ కథకును వేయవచ్చును. అందు వికలురిద్దరును పురుషులు; ఎంచుకొనవలసినది అవయవములన్నియు సరిగానున్న స్త్రీ. స్త్రీయే కుంటిదైనచో ఆమెను ఎవరు ఎంతురు? ఎంచుకొను హక్కు ఆమెకుండునా? కథ ఈ దారి త్రొక్కలేదు. అది రచయిత దోషము కాదు. ఆ ఖాళీని గుర్తించుట విమర్శకుని విధి.

2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో ఆరవ అధికరణము వికలాంగ స్త్రీలు బహువిధముల వివక్షకు గురియగుచున్నారని అంగీకరించినది. 2016లో మన దేశమున వచ్చిన చట్టము కూడ వికలాంగ స్త్రీలను, బాలలను ప్రత్యేకముగా పేర్కొన్నది. శాసనము గుర్తించిన ఈ బహువిధభారమును సాహిత్యవిమర్శ ఇంకను తగినంతగా గుర్తింపలేదు. వైకల్యమును ఒకరు, స్త్రీవాదమును ఒకరు, కామప్రవృత్తిని మరియొకరు వేరువేరుగా పరిశోధించుట మన వాడుక. ఈ మూడు ప్రశ్నలను ఒకే గ్రంథముపై ఒకేసారి నిలుపు పరిశోధక బృందము తెలుగుశాఖలయందు ఏర్పడవలెను.

అట్టి బృందమునకు కళింగాంధ్రము తగిన క్షేత్రము. తెలుగు, ఒడియా, సవర భాషలు కలిసికొను పాతపట్నపు ఎల్లలో ఆడువారి పాటలను, సామెతలను, ఇంటిపేర్లకు బదులుగా నిలిచిపోయిన ‘కుంటి’, ‘చెవిటి’ వంటి పిలుపులను సేకరింపవచ్చును. ఏ పిలుపు పురుషునికి బిరుదువలె మారినదో, ఏది స్త్రీకి పెండ్లి తప్పించినదో విచారింపవచ్చును. ముసలివాడు చేసిన లెక్క మనకు కథలో దొరకినది. లెక్కకు రాని స్త్రీలను వెదకుట మిగిలియున్నది.