తిట్టు కన్నా దండే ప్రమాదం

సినిమాల్లో మనల్ని వెక్కిరించటం కొత్త కాదు. ఒంటికి ఆకులు కట్టించి, అర్థంలేని కేకలు పెట్టించి, హీరో చుట్టూ గంతులేయించిన పాటలు ఎన్నో చూశాం. అది వెక్కిరింపని మన చిన్నపిల్లలకు కూడా తెలిసిపోతుంది. కోపం వస్తుంది. కోపం వచ్చిందంటే ఆ మాట లోపలికి దిగలేదన్నమాటే.

2022లో వచ్చిన ‘ఆర్‌ఆర్‌ఆర్’ అలాంటిది కాదు. కొమురం భీం పేరు విదేశాల దాకా వెళ్ళింది. కొరడా దెబ్బలు తింటూ కూడా ఆయన మోకరిల్లని చోట మనం కళ్ళు తుడుచుకున్నాం. అబద్ధమెందుకు, ఈలలు కూడా వేశాం. అందుకే దాని ముగింపు గురించి గట్టిగా మాట్లాడుకోవాలి. ఏం కావాలో కోరుకోమంటాడు రామరాజు. తనకూ తనవాళ్ళకూ చదువు కావాలంటాడు భీం. హాలంతా చప్పట్లు.

చదువు అడగటం తప్పని మేం అనం. చదువు చెప్పే బతుకుతున్నాం. కానీ అదే సినిమాలో పాము కాటేసిన రామరాజు ప్రాణం కాపాడింది ఎవరు? జైల్లో దెబ్బలకు కాళ్ళు పనిచేయని మనిషిని ఆకుమందుతో మళ్ళీ లేపి నిలబెట్టింది ఎవరు? ఏ మొక్క, ఏ భాగం, ఎంత మోతాదు, ఎలా కట్టాలి అన్నది నేర్చుకోకుండా వస్తుందా? సినిమా దాన్ని చూపించింది, చదువు లెక్కలో మాత్రం వేయలేదు. ఆ విద్య నాకూ నేర్పమని రామరాజు ఒక్కసారి కూడా అడగడు.

కల్పన అని ముందే చెప్పారు కదా అంటారు. నిజమే, భీం, అల్లూరి కలుసుకున్నట్టు చరిత్రలో లేదు. అంతా కల్పనే అయినప్పుడు ఎవరు గురువు, ఎవరు శిష్యుడు అన్నది కూడా వాళ్ళు ఎంచుకున్నదే.

జోడేఘాట్‌లో 1940లో భీం నేలకొరిగాడు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు తయారయ్యాయి. గుంజాలలో గోండీ లిపిలో పాత రాతప్రతులు దొరికాయి. ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. ఇవన్నీ మన పిల్లలకు ఎవరు చెప్పారు? మేమే సరిగా చెప్పలేదు. సినిమా మాత్రం అందరికీ చేరింది.

మీ ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఎవరని ఆమధ్య తరగతిలో అడిగాం. ఒక అమ్మాయి లేచి, ఎవరూ లేరు, మాకేమీ తెలియదు అంది. బాధగా కూడా కాదు, నవ్వుతూనే అంది. వాళ్ళ అవ్వ దగ్గరికి నాలుగూళ్ళ వాళ్ళు మందుకోసం వస్తారు.